నర్సుల ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకున్న డాక్టరు గారికి



మీ పేరు గానీ, మీ ఆసుపత్రి బోర్డు మీది పేరు గానీ ఈ ఉత్తరంలో రాయను. మిమ్మల్ని బజారుకీడ్చాలని నాకు లేదు. మీరొక్కరే అయితే మీ గది తలుపు తట్టి, కూర్చుని మాట్లాడి వచ్చేదాన్ని. కానీ గోదావరి ఒడ్డు ఏజెన్సీ పట్టణాల్లో ఎన్ని ముప్పై పడకల ఆసుపత్రుల్లో ఇదే తంతు! మేనేజరు గదిలో ఒక ఇనప బీరువా ఉంటుంది. అందులో ఆడపిల్లల టెన్త్ మెమోలు, జీఎన్ఎం సర్టిఫికెట్లు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితాలు రబ్బరు బ్యాండు వేసి కట్టలుగా ఉంటాయి. ఆ తాళంచెవి దగ్గర పెట్టుకున్న అందరికీ కలిపి రాస్తున్నాను గానీ, రాస్తున్నంతసేపూ నా కళ్ళ ముందున్నది మీరే.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. మీ దగ్గర పనిచేస్తున్న ఒక పిల్ల చదువుకునే రోజుల్లో నా వార్డులోనే ప్రాక్టికల్స్ చేసింది. దుమ్ముగూడెం వైపు కోయపల్లె. మూడేళ్ళు జీఎన్ఎం చదివి, కౌన్సిల్‌లో రిజిస్టరై మీ దగ్గర చేరింది. చేరిన రోజే ఒరిజినల్స్ తీసుకున్నారు. రెండేళ్ళు మానకూడదని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించారు. నెలకు 12,000 అన్నారు. ఇప్పుడా పిల్లకు పల్లె దవాఖానాలో కాంట్రాక్టు పోస్టు వచ్చింది, నెలకు 29,900. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ చూపించాలి. మీ మేనేజరు 50,000 కట్టి తీసుకెళ్ళమన్నాడు. ఆ డబ్బు ఆమె నాలుగు నెలల జీతం కంటే ఎక్కువ.

ముందు జీతం సంగతే మాట్లాడదాం. మీ దగ్గర నైట్ డ్యూటీ రాత్రి ఎనిమిదికి మొదలై పొద్దున ఎనిమిదికి అయిపోతుంది. అవతలి షిఫ్టు మనిషి రావడం ఆలస్యమైతే తొమ్మిదీ అవుతుంది. ఆ గంట వదిలేద్దాం. నెలకు 26 డ్యూటీలు, డ్యూటీకి 12 గంటలు, మొత్తం 312 గంటలు. పన్నెండు వేలను వాటితో భాగిస్తే గంటకు 38 రూపాయల చిల్లర. ఎనిమిది గంటల రోజుకు కడితే 307 రూపాయల 69 పైసలు. 2025-26లో తెలంగాణకు ఖరారైన ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. ఎండలో చెరువు మట్టి ఎత్తే అమ్మలంటే నాకు గౌరవం, వాళ్ళ కూలి ఇంకా పెరగాలి. కానీ ఆ పనికి మూడేళ్ళ చదువు అడగరు, కౌన్సిల్ పరీక్ష పెట్టరు, పలుగూపారా ఇచ్చే ముందు టెన్త్ మెమో తీసుకుని బీరువాలో పెట్టరు. ఏ నైపుణ్యం అడగని పనికి ప్రభుత్వం కట్టిన రేటూ, ప్రాణాలు నిలబెట్టే చదువుకు మీరు కట్టిన రేటూ ఒకటే.

ఆ చదువు రాత్రిపూట ఏం చేస్తుందో మీకు తెలుసు. అయినా నేను మళ్ళీ చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరం మీ రోగుల ఇళ్ళవాళ్ళు కూడా చదువుతారు.

మొన్న వానాకాలంలో ఎనిమిదో నెల గర్భిణిని ఫిట్స్‌తో తెచ్చారు. బీపీ 170/110. మీరు దగ్గరుండి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇప్పించి ఇంటికెళ్ళారు. ఆ తర్వాత ప్రతి నాలుగు గంటలకు 5 గ్రాములు కండలోకి ఇవ్వాలి, ఒకసారి కుడి పిరుదుకు, ఒకసారి ఎడమ పిరుదుకు. కేస్ షీటులో ఉన్నది ఇంతే. కానీ సూది ఎత్తే ముందు నర్సు చూడాల్సినవి మూడున్నాయి. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగురుతోందా? నిమిషానికి ఊపిరి 16కు తగ్గకుండా ఉందా? గడిచిన నాలుగు గంటల్లో మూత్రం 100 మిల్లీలీటర్లయినా వచ్చిందా? రాత్రి రెండున్నరకు ఆ పిల్ల సంచీ చూస్తే 60 దగ్గరే ఉంది. మోకాలి దగ్గర తడితే కాలు కదిలీ కదలనట్టుంది. మందు ఒంట్లో పేరుకుంటోంది, ఇంకో డోసు పడితే ఊపిరి ఆగిపోవచ్చు. ఆమె డోసు ఆపింది. కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్ తీసి ట్రేలో పెట్టుకుని మీకు ఫోన్ చేసింది. మీరొచ్చేదాకా మంచం పక్కన నిలబడి ఊపిరి లెక్కపెడుతూనే ఉంది. తల్లీ బిడ్డా బతికారు. పొద్దున రౌండ్స్‌లో మీరు ఆమెను మెచ్చుకున్నారట. ఆ మాట నాతో చెప్పేటప్పుడు దాని మొహం వెలిగిపోయింది. ఆ రాత్రి పన్నెండు గంటలకు దాని చేతికొచ్చింది 461 రూపాయలు.

ఇంకో సంగతి చెప్పాలి. మీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో సగం మందికి తెలుగు సరిగ్గా రాదు. సుక్మా నుంచి వస్తారు, మల్కన్‌గిరి నుంచి వస్తారు, 2014లో ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం మండలాల నుంచి గోదావరి, శబరి దాటి వస్తారు. పాము కరిచిన మనిషిని మంచం మీద పడేసి, ఏ పాము, ఎంతసేపైంది అని తెలుగులో అడిగితే కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు. ఈ పిల్ల కోయలో అడుగుతుంది. రెప్పలు వాలుతున్నాయా, మింగుడు పడుతోందా, మాట ముద్దగా వస్తోందా, అన్నీ వాళ్ళ మాటలోనే కనుక్కుంటుంది. విరుగుడు ఇంజెక్షన్ ఎక్కుతున్నప్పుడు ఒంటి మీద దద్దుర్లు లేస్తే, అది మందు వల్లనే, మేం చూసుకుంటాం అని ఇంట్లోవాళ్ళకు నచ్చజెప్పి మంత్రగాడి దగ్గరికి తీసుకుపోకుండా ఆపుతుంది. ఈ పనిని మీరు ఏ నగరం నుంచి ఎంత జీతమిచ్చి తెచ్చుకోగలరు? ఏజెన్సీలో ఆసుపత్రి పెట్టినవాళ్ళకు కోయ తెలిసిన రిజిస్టర్డ్ నర్సు దొరకడమే భాగ్యం.

ఇక మీ బిల్లు. మా బంధువు డెంగీతో మీ దగ్గరే చేరినప్పుడు చూశాను. బెడ్ ఛార్జీ, డాక్టర్ విజిట్, దాని కింద ‘నర్సింగ్ ఛార్జీలు, రోజుకు 300’. ముప్పై పడకల్లో సగటున ఇరవై నిండాయనుకుందాం. రోజుకు 6,000, నెలకు 1,80,000. ఇది నర్సుల పేరు చెప్పి రోగుల దగ్గర వసూలు చేస్తున్న డబ్బు. మీ దగ్గర రిజిస్టర్డ్ నర్సులు ఆరుగురు. తలా 12,000 చొప్పున 72,000. తలా 20,000 ఇచ్చినా 1,20,000 అవుతుంది. ఇంకా 60,000 మిగులుతుంది. అందులో ఆయాల జీతాలూ, దూదీ గ్లవ్సులూ ఉంటాయంటారా, ఉండనీయండి. ఆ మిగులు లేదనే అనుకున్నా, ఆరుగురికి పెంచాల్సింది నెలకు 48,000. రోజుకు 1,600. ఇరవై మంది రోగుల మీద పంచితే తలకు 80 రూపాయలు. మీ ఆసుపత్రి ఎదుటి మెడికల్ షాపులో ఒక సెలైన్ బాటిల్‌కూ సెట్టుకూ రోగి ఎంత పెడుతున్నాడో అడగండి. ఆ పక్కన ఈ 80 ఎంతో తేలిపోతుంది.

అసలు జీతాలు ఇంత కింద ఎందుకున్నాయో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆస్పత్రిని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవాలంటే డీఎంహెచ్ఓ ఆఫీసులో అర్హత ఉన్న నర్సుల సర్టిఫికెట్లు చూపించాలి. ఆరోగ్యశ్రీ ప్యానెల్లోకి రావాలన్నా చూపించాలి. ఫైలు నిండడానికి కొన్ని సర్టిఫికెట్లు కావాలి. వార్డు నడవడానికి మాత్రం ఇంటర్ తప్పిన పిల్లలను ఆరేడు వేలకు తెచ్చి, ఆప్రాన్ వేసి, రెండు నెలల్లో క్యాన్యులా పెట్టడం నేర్పిస్తున్నారు. రోగులు వాళ్ళనూ సిస్టర్ అనే పిలుస్తారు. పాపం ఆ పిల్లల తప్పేం లేదు. ఇల్లు గడవక వచ్చారు, చెప్పింది చేస్తున్నారు. కానీ ఆరు వేలకు ‘సిస్టర్’ దొరుకుతుందని తెలిశాక నిజమైన నర్సు పదిహేను వేలు అడిగితే మీకు ఎక్కువనిపిస్తుంది. వాళ్ళను చూపించి ఈమె జీతం తొక్కుతున్నారు, ఈమె సర్టిఫికెట్ చూపించి వాళ్ళచేత పని చేయిస్తున్నారు. మధ్యలో పోతున్నది రోగి ప్రాణం. ఆ గర్భిణి రాత్రి డ్యూటీలో రిజిస్టర్డ్ నర్సు కాకుండా ఆప్రాన్ వేసుకున్న పిల్ల ఒక్కతే ఉంటే, కేస్ షీటులో రాసినట్టే రెండున్నరకు సూది పొడిచేది. రాసింది రాసినట్టు చేయమనే కదా మీరు నేర్పింది.

సాధారణ ఆసుపత్రిలో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. సెలవుల కోసం ఇంకో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోమంటుంది. ఆ రాత్రి మీ దగ్గర 22 మంది రోగులు, రిజిస్టర్డ్ నర్సు ఒక్కతే.

మీరు చెప్పే కారణాలు నేనెరగనివి కావు. ఆరోగ్యశ్రీ బిల్లులు నెలల తరబడి రావడం లేదంటారు. నిజమే. 2025 సెప్టెంబరులో బకాయిల కోసమే తెలంగాణ నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపాయి. ఆ పోరాటం న్యాయమైనదే. కానీ బిల్లు ఆగిన నెలలో స్కానింగ్ మిషను వాయిదా ఆపారా? కరెంటు బిల్లు కట్టలేదా? ఆక్సిజన్ సిలిండర్ల వాళ్ళకు సగమే ఇచ్చారా? అడిగే నోరున్న అందరికీ కట్టి, అడగలేని పిల్ల దగ్గర ఆపారు.

ఇక్కడ పని నేర్చుకుని వెళ్ళిపోతారంటారు. వెళ్ళరూ మరి! తెలంగాణ ప్రభుత్వ నోటిఫికేషన్‌లో స్టాఫ్ నర్సు స్కేలు 36,750 నుంచి మొదలవుతుంది. 2022 చివర్లో 5,204 పోస్టులకు నోటిఫికేషన్ వేస్తే రాష్ట్రమంతా పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. బీబీనగర్ ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసరు మూల వేతనం 44,900, ఆపైన నర్సింగ్ అలవెన్సు వేరే. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ వాళ్ళు జర్మన్ నేర్పి జర్మనీ పంపుతున్నారు. బీ1, బీ2 పరీక్షల కోసం నైట్ డ్యూటీ దిగి నిద్ర మానుకుని చదివే పిల్లలు నాకు తెలుసు. ఎవరూ ఇంటి మీద కోపంతో పోవడం లేదు. ఈ పిల్లకైతే జర్మనీ ఆశ కూడా లేదు. ముసలి తల్లిని, కౌలుకు చేస్తున్న రెండెకరాల పత్తి చేనును వదిలి పోలేనంటుంది. పల్లె దవాఖానా వాళ్ళ మండలంలోనే. అదీ పోనివ్వరా?

పెద్ద ఆసుపత్రులతో మమ్మల్ని పోల్చొద్దంటారేమో. పోల్చను. మీలాంటి చిన్న ఆసుపత్రులకు వేరే లెక్క వేసి పెట్టినవాళ్ళున్నారు. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో 2016 జనవరి 29న సుప్రీంకోర్టు, ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ చెప్పింది ఇది. 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 నుంచి 200 అయితే దానికి పది శాతం మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే 25 శాతం మించి తగ్గకూడదు. 50 పడకల లోపు ఆసుపత్రి అయినా నెలకు 20,000కు తక్కువ ఇవ్వకూడదు. సెలవులు, పనిగంటలు, వైద్య సదుపాయం ప్రభుత్వ నర్సులకున్నట్టే ఉండాలి. మీలాంటివాళ్ళకు బరువు కాకూడదని ఆలోచించి వేసిన అడుగు మెట్టు అది. 2016 నాటి 20,000. అప్పటి నుంచి మీ బెడ్ ఛార్జీ ఎన్నిసార్లు పెరిగిందో మీ పాత బిల్లు బుక్కులు తీసి చూడండి.

ఆ సిఫార్సులను అమలు చేసే పని రాష్ట్రాల మీద పెట్టారు. కేరళలో నర్సులు 2011 నుంచి రోడ్డెక్కి, సమ్మెలు చేసి, 2018 ఏప్రిల్‌లో 20,000 కనీస వేతనం నోటిఫికేషన్ తెచ్చుకున్నారు. మన దగ్గర ఆ పట్టు లేదు. నర్సుల సంఘం అంటే ప్రభుత్వ నర్సుల సంఘమే. నేనూ అందులో ఉన్నదాన్నే కాబట్టి చెబుతున్నాను, మా పీఆర్సీ, మా బదిలీలు, మా ప్రమోషన్లు తప్ప గేటు అవతల ప్రైవేటులో చేసే మా చెల్లెళ్ళ జీతం మా మీటింగుల్లో ఎజెండాకు రాలేదు. సంఘంలో ఇప్పుడున్నవాళ్ళకు ఈ ఉత్తరం ప్రతి పంపుతున్నాను. 2023లో పార్లమెంటు నర్సింగ్ కమిషన్ చట్టం చేసింది. చదువు ఎలా ఉండాలి, రిజిస్ట్రేషన్ ఎలా జరగాలి అని అందులో ఉంది. జీతం ఊసు లేదు.

సూది గుచ్చుకోవడం గురించి కూడా అడగాలి. ఆ పిల్ల చూపుడు వేలికి ఒక రాత్రి వాడిన సూది గుచ్చుకుంది. ఎవరికి వాడిన సూదో, వాళ్ళ రక్తంలో ఏముందో పరీక్ష చేయించాలి. హెచ్ఐవీ అనుమానం ఉంటే 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టాలి. అంతకంటే ముందు, పనిలో చేరేటప్పుడే హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయించి ఉండాలి. ఆమె మీ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుంటే ఆ డబ్బు జీతంలోంచి పట్టుకున్నారు. పది మంది పనిచేసే చోట 21,000 లోపు జీతగాళ్ళకు ఈఎస్ఐ ఉండాలి. పన్నెండు వేల మీద మీ వాటా నెలకు 390, ఆమె వాటా 90. ఆ 390 మిగుల్చుకోవడానికి ఆమె పేరు హాజరు పట్టీలో ‘ట్రైనీ’ అని రాశారు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్న నర్సు ట్రైనీ ఎలా అవుతుంది?

మీరు హౌస్ సర్జన్‌గా చేరిన మొదటి వారంలో, వణికే చేత్తో క్యాన్యులా పట్టుకుంటే, నరం ఎక్కడ దొరుకుతుందో మీ వేలు పట్టి చూపించింది ఎవరు? నాకు తెలిసి ఈ దేశంలో డాక్టర్లందరికీ ఆ మొదటి పాఠం ఎవరో ఒక స్టాఫ్ నర్సే చెప్పి ఉంటుంది. మా వార్డులో నేర్చుకుని పోయిన డాక్టర్లు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తారు. మీలోనూ ఆ మంచితనం ఉందని నమ్ముతున్నాను. ఆ గర్భిణి కోసం రాత్రి మూడింటికి వానలో బండి మీద వచ్చిన మనిషి మీరు. పేదవాళ్ళ దగ్గర ఫీజు వదిలేసిన సందర్భాలూ విన్నాను. అలాంటి మనిషి ఆడపిల్ల టెన్త్ మెమో పట్టుకుని 50,000 తెమ్మనడం నాకు మింగుడుపడటం లేదు.

ఒరిజినల్స్ పట్టుకోవద్దని, బాండ్లు రాయించుకోవద్దని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏనాడో సర్క్యులర్ ఇచ్చింది. ఆ కాగితాలు ఆమె సొత్తు. బాండు పేపరు చూపించి ఆ పిల్లను భయపెట్టగలరేమో గానీ, ఆమె సర్టిఫికెట్లు మీ బీరువాలో ఎందుకున్నాయని లేబర్ ఆఫీసులోనో, పోలీసు స్టేషన్‌లోనో అడిగితే చెప్పడానికి మీ దగ్గర సమాధానం లేదు.

నేనడిగేది ఇదీ. ఆ పిల్ల వెరిఫికేషన్ వచ్చే శుక్రవారం కొత్తగూడెంలో. బుధవారం పొద్దున పదింటికి ఆమెను తీసుకుని నేనే వస్తాను. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, జీఎన్ఎం డిప్లొమా, మూడు సంవత్సరాల మార్కుల మెమోలు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, కుల ధ్రువీకరణ పత్రం, అన్నీ లెక్కపెట్టి ఆమె చేతికివ్వండి. పనిచేసిన కాలానికి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ‘స్టాఫ్ నర్సు’ అని రాసి ఇవ్వండి. ట్రైనీ అని రాయొద్దు. ఆగిన నెల జీతం, సూది పరీక్షకు పట్టుకున్న డబ్బు కలిపి ఆమె ఖాతాలో వేయండి.

మిగిలిన ఐదుగురికీ వచ్చే నెల నుంచి 20,000 వేయండి, వాళ్ళ కాగితాలూ వాళ్ళకిచ్చేయండి. ప్రతి నైట్‌లో రిజిస్టర్డ్ నర్సులు ఇద్దరికి తగ్గకుండా డ్యూటీ చార్టు వేసి, నర్సుల గది బయట అందరికీ కనిపించేలా అంటించండి. ఆప్రాన్ వేసిన పిల్లలను సహాయకులుగానే ఉంచండి, సూది వాళ్ళ చేతికివ్వొద్దు. వాళ్ళలో చదవాలని ఉన్నవాళ్ళుంటే నా దగ్గరికి పంపండి, ఇంటర్ పూర్తి చేసి నర్సింగులో చేరే దారి నేను చూపిస్తాను.

బుధవారం కాగితాలు చేతికి రాకపోతే, అక్కడి నుంచే డీఎంహెచ్ఓ ఆఫీసుకూ లేబర్ ఆఫీసుకూ వెళ్తాం. అర్జీ రెండు ప్రతులు రాసి పెట్టాను. ఆ పిల్ల సంతకం చేసింది, సాక్షిగా నేను చేశాను.

ఇట్లు,
రిటైర్డ్ హెడ్ నర్సు